బాయిలరు బయట మెరిస్తే చాలదు



కార్తీక మాసం వెళ్ళింది. చలి ముదిరింది. లంబసింగి, ఆదిలాబాద్ సంగతి సరేసరి. కోస్తాలో కూడా తెల్లవారుజామున చన్నీళ్ళ చెంబు ఎత్తాలంటే వెనకాడుతున్నాం. చాలా ఇళ్ళలో అటక మీది రాగి బాయిలరు ఈపాటికి పెరట్లోకి దిగి ఉంటుంది. ఈ పూట ఆ బాయిలరు గురించి మాట్లాడుకుందాం. దాన్ని ఎలా శుభ్రం చేసుకోవాలి, ఎలా కాపాడుకోవాలి, ఎక్కడ ఏమరుపాటు పనికిరాదు, ఇదీ ఇవాల్టి సంగతి.

ఇంట్లో గీజరు ఉండగా ఇంకా కట్టెల బాయిలరేమిటండీ అనేవాళ్ళు ఉంటారు. నిజమే. కానీ కోనసీమ వైపు చూడండి. కొబ్బరి డొక్కలు పెరటినిండా పడి ఉంటాయి. వాటిని తీయించాలన్నా కూలీ ఇవ్వాలి. పత్తి పండే ఊళ్ళలో ఏరివేత అయిపోయాక పత్తికట్టె గుట్టలుగా మిగులుతుంది. ఇంట్లో బాలింత ఉంటే రెండు పూటలా వేణ్ణీళ్ళు కావాలి. ఇక సంక్రాంతికి కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు దిగారనుకోండి. భోగినాడు అందరికీ తలంటు. ఏ గీజరు ఆగుతుంది? సగంమందికి వేడినీళ్ళు, మిగతా సగంమందికి గోరువెచ్చని నీళ్ళు. బాయిలరు ఉన్న ఇంట్లో ఆ గొడవ లేదు. చెంబు పోసినకొద్దీ చెంబు వస్తూనే ఉంటుంది.

అందుకే అది ఇంకా వాడుకలో ఉంది. ఉంది గానీ, దాన్ని మనం చూసుకునే తీరు మాత్రం నాకు నచ్చదు.

పండగ వస్తోందంటే బాయిలర్ని ముందు వేసుకు కూర్చుంటాం. చింతపండు, ఉప్పు కలిపి రుద్దుతాం. ముఖం కనపడేదాకా తోముతాం. చుట్టాలు వచ్చి ఎంత బాగా తోమారమ్మా అంటారు. బాగానే ఉంది. మరి లోపల గొట్టంలోకి తొంగి చూసిందెవరు? బయటి మెరుపు మన కళ్ళ కోసం. నీళ్ళు కాగేది లోపలి గొట్టం వల్ల. ఆ గొట్టంలో మసి పేరుకుపోయి ఉంటే, బయట ఎంత తోమినా కట్టెలు దండగ, పొగ దండగ, పొద్దున్నే మీ ఓపికా దండగ.

ఇవాళ నేను చెప్పేది ఆ గొట్టం గురించే. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగే మాటలు.

ముందు బాయిలరు ఎలా పనిచేస్తుందో చూద్దాం. పొడుగాటి రాగి డ్రమ్ము. దాని నట్టనడుమ కిందినుంచి పైదాకా ఒక గొట్టం. గొట్టం లోపల నిప్పు. గొట్టం బయట నీళ్ళు. రెంటికీ మధ్య పల్చని రాగి రేకు. అంతే. గొట్టం అడుగున ఇనప చువ్వల జల్లెడ ఉంటుంది. జల్లెడ కింద బూడిద రాలే చోటు. గాలి అక్కణ్ణుంచే లోపలికి వెళ్తుంది. వేడెక్కి పైకి లేస్తుంది. లేస్తూ లేస్తూ కిందినుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. ఎవరూ ఊదకుండానే మంట నిలబడేది అందుకే.

ఇక నీళ్ళ వైపు. పక్కన ఒక గరాటు ఉంటుంది. దాని కాడ లోపల అడుగుదాకా దిగి ఉంటుంది. అందులో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే, అవి అడుక్కి చేరి, పైనున్న వేడినీళ్ళను పైకి నెడతాయి. ఆ వేడినీళ్ళు ముక్కులోంచి బకెట్లో పడతాయి. చన్నీళ్ళు పోస్తేనే వేణ్ణీళ్ళు వస్తాయి. కాబట్టి బాయిలరు ఎప్పుడూ నిండే ఉంటుంది. దీన్ని మొదట తయారుచేసిన కంచరి ఎవరో గానీ, చాలా తెలివైనవాడు. నీళ్ళు అయిపోవడం అనే ప్రమాదాన్ని పనితనంతోనే తప్పించాడు.

గుర్తు పెట్టుకోవాల్సింది మూడు ముక్కలు. కింద గాలి రావాలి. పైన పొగ పోవాలి. మధ్యలో వేడి నీళ్ళలోకి దిగాలి. ఈ మూడింటికీ అడ్డం పడేది మసి, బూడిద, సున్నం. మళ్ళీ చెబుతున్నాను. మసి, బూడిద, సున్నం.

మసి సంగతి ముందు చూద్దాం. రాగి వేడిని ఇట్టే దాటిస్తుంది. ఇంట్లో ఉండే లోహాల్లో వెండి తర్వాత అంతటిది రాగే. మసి దానికి పూర్తిగా వ్యతిరేకం. రాగితో పోలిస్తే మసి వేడిని దాటించే శక్తి కొన్ని వేల రెట్లు తక్కువ. చలిమంట ముందు గొంగళి నిండా కప్పుకుని కూర్చున్నారనుకోండి. మంట ఎంత పెద్దదైనా సెగ ఒంటికి తగలదు కదా. మీ బాయిలరు గొట్టం కూడా మసి గొంగళి కప్పుకుని కూర్చుంటుంది. లోపల మంట భగభగా మండుతుంది. వేడి మాత్రం నీళ్ళలోకి దిగకుండా పొగతో పాటు ఆకాశంలోకి పోతుంది.

అది మనకెలా తెలుస్తుంది? తెలుస్తుంది. మొదట్లో నాలుగు డొక్కలతో కాగే నీళ్ళకు ఇప్పుడు ఆరేడు పడుతున్నాయా? అది మసి. పొగ పైనుంచి పోవాల్సింది, కింద జల్లెడ దగ్గర్నుంచి వెనక్కి తన్ని కళ్ళు మండిస్తోందా? అది మసి గానీ బూడిద గానీ. గొట్టం కిందినుంచి నల్లని చుక్కలు కారుతున్నాయా? చేత్తో ముట్టుకుంటే జిగటగా, బెల్లప్పాకంలా సాగుతోందా? అది అన్నిటికంటే చెడ్డ గుర్తు.

ఆ నల్ల జిగట సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అది ఎక్కణ్ణుంచి వస్తుందంటే, నీళ్ళ నుంచి. నిప్పులో నీళ్ళేమిటి అంటారా? పచ్చికట్టె బరువులో సుమారు సగందాకా నీళ్ళే ఉంటాయి. అది సరే, బాగా ఎండిన కట్టెలో కూడా మండేటప్పుడు నీళ్ళు పుడతాయి. కట్టెలో ఉన్న హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. కిలో ఎండుకట్టె కాలితే అరకిలో పైచిలుకు నీటి ఆవిరి బయలుదేరుతుంది. ఇప్పుడు మీరు తెల్లారగట్ల బాయిలరు నిండా చన్నీళ్ళు పోసి ముట్టించారు. గొట్టం రేకు చల్లగా ఉంది. ఆవిరి వెళ్ళి ఆ చల్లని రేకుకు తగిలి చెమరుస్తుంది. ఆ చెమ్మలో మసి కలుస్తుంది. కట్టెలోంచి వచ్చే తారు కలుస్తుంది. అన్నీ కలిసి రేకుకు అతుక్కుపోతాయి. పొడిమసి అయితే రుద్దగానే రాలుతుంది. ఈ జిగట మసి ఎండితే పెచ్చుకట్టి ఊడిరాదు. పైగా దానికి నిప్పంటుకునే గుణం ఉంది.

కాబట్టి మసిని తోమడం కంటే ముందు, మసి పట్టకుండా మండించడం నేర్చుకోవాలి. ముట్టించేటప్పుడు చిన్న చితుకులు వెయ్యండి. చురుగ్గా, పెద్ద వెలుగుతో మండనివ్వండి. కాసేపట్లో నీళ్ళు వెచ్చబడి గొట్టం చెమర్చడం ఆగిపోతుంది. ఆ తర్వాత పెద్ద కట్టెలు వెయ్యండి. ముట్టించిన వెంటనే గొట్టం నిండా కట్టె కుక్కి, పైన మూత సగం వేసి, నిప్పు రాజుకుంటుందిలే అని లోపలికి వెళ్ళిపోవడం మనవాళ్ళకు అలవాటు. అలా పొగచూరి మండే మంటే తారుకి పుట్టిల్లు. గాలి ఆడనివ్వండి. పసుపుపచ్చగా, ఎగసే మంట ఉండాలి. పైనుంచి వచ్చే పొగ పల్చగా ఉండాలి. నల్లగా, దట్టంగా పొగ వస్తోందంటే మీ కట్టె సగం గొట్టానికే అంటుకుంటోందన్న మాట.

ఇక ఏ కట్టె మంచిది? మన దగ్గర దొరికేవి చాలా ఉన్నాయి. కోస్తాలో సరుగుడు. మెట్ట ప్రాంతాల్లో తుమ్మ. కందికట్టె, పత్తికట్టె ముట్టించడానికి మహా బాగుంటాయి. మొక్కజొన్న కండెలు నిదానంగా, నిప్పు నిలిచేలా కాలతాయి. కొబ్బరి చిప్పలు గట్టి వేడినిస్తాయి. కొబ్బరి డొక్క మాత్రం పైకి ఎండినట్టు కనిపించి లోపల చెమ్మ దాచుకుంటుంది. దాన్ని చీల్చి ఎండబెట్టండి. ఏ కట్టె అయినా సరే, ఈ చలికాలం కాల్చేది పోయిన వేసవిలో ఎండిందై ఉండాలి. వాన తగలకుండా చూరు కింద, గాలి తగిలేలా పేర్చాలి. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఠంగుమని మోగితే ఎండింది. దబ్‌మని బరువుగా చప్పుడైతే ఇంకా పచ్చిదే.

పచ్చికట్టె వల్ల నష్టం ఎంతో ఒక లెక్క చెబుతాను. కట్టెలో దాగిన ఒక లీటరు నీటిని ఆవిరి చెయ్యాలంటే సుమారు 600 కిలో కేలరీల వేడి ఖర్చవుతుంది. అంతే వేడితో 20 లీటర్ల బకెట్టు నీళ్ళు 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు ఎక్కుతాయి. అంటే ఒక మనిషి సుఖంగా స్నానం చేసెయ్యొచ్చు. పచ్చికట్టెలో ఉన్న ప్రతి లీటరు నీరూ ఒకరి స్నానాన్ని మింగేస్తోందన్న మాట.

కాల్చకూడనివి కూడా ఉన్నాయి. పాలకవరు ముట్టించి పొయ్యి రాజెయ్యడం ఇవాళ ప్రతి ఊళ్ళోనూ చూస్తున్నాం. సులువుగా అంటుకుంటుంది, నిజమే. కానీ అది కరిగి జల్లెడ మీద కారుతుంది. కంతలు మూసుకుపోతాయి. పీవీసీ పైపు ముక్కలు, కరెంటు వైరు తొడుగులు ఇంకా చెడ్డవి. వాటి పొగలో ఆమ్లం పుడుతుంది. అది మీ రాగినీ తింటుంది, మీ గొంతునూ తింటుంది. పాత ప్లైవుడ్డు, రంగు వేసిన తలుపు చెక్కలు వద్దు. పలాస వైపు వాళ్ళకి ఒక మాట. జీడిపిక్కల తొక్క బాగా మండుతుంది. కానీ అందులోని నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, దాని పొగ కళ్ళనీ గొంతునీ మండిస్తుంది. ఇంటి బాయిలర్లో దాన్ని వెయ్యకండి.

ఇప్పుడు అసలు పని. గొట్టం శుభ్రం చెయ్యడం. బాయిలరు పూర్తిగా చల్లారాక చెయ్యండి. నిన్న సాయంత్రం మండించి ఉంటే ఇవాళ మధ్యాహ్నం చూడండి. చెయ్యి పెట్టి చూసి, నిప్పు లేదని రూఢి చేసుకోండి. నీళ్ళు ఖాళీ చెయ్యండి. పెరట్లో పాత గోనెపట్టా పరవండి. ముక్కుకి, నోటికి తువ్వాలు కట్టుకోండి. మసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. జల్లెడ ఊడదీసి పక్కన పెట్టండి.

గొట్టంలోకి పట్టే బ్రష్షు బజార్లో దొరికితే సరే. లేకపోతే ఇంట్లోనే తయారవుతుంది. గొట్టం పొడుగు కంటే మూరెడు ఎక్కువ ఉండే వెదురుకర్ర తీసుకోండి. దాని చివర కొబ్బరి పీచు గుప్పెళ్ళకొద్దీ గుండ్రంగా చుట్టి, సన్న ఇనప తీగతో బిగించి కట్టండి. గొట్టంలోకి కాస్త బిగుతుగా దిగేంత లావు ఉండాలి. వదులుగా ఉంటే మసిని నిమురుతుందే తప్ప ఊడదియ్యదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, తిప్పుతూ తిప్పుతూ రుద్దండి. మసి పొరలు పొరలుగా రాలుతుంది. మొదట మెత్తగా, నల్లని పిండిలా వస్తుంది. తర్వాత చిన్న చిన్న పెచ్చులు వస్తాయి. పెచ్చు రాలిన చోట రాగి గోధుమరంగులో కనపడుతుంది. అక్కడితో ఆపెయ్యండి. మెరవాల్సిన అవసరం లేదు. గొట్టం లోపల మెరుపు ఎవరూ చూడరు.

పెచ్చులు ఊడకపోతే కొందరు గునపం, కత్తి, స్క్రూడ్రైవరు తీసుకుంటారు. వద్దు. రేకు పల్చన. గీత పడితే అక్కడ మళ్ళీ మసి ఇంకా గట్టిగా పడుతుంది. సొట్ట పడితే మాటు వేసిన అతుకు దగ్గర విడిపోతుంది. జిగట మసి వదలకపోతే ఒక చెక్కపుల్లని ఏటవాలుగా చెక్కుకుని, దాంతో నెమ్మదిగా గీకండి. అదీ లొంగకపోతే మాటు వేసే మనిషికి చూపించండి. కిరసనాయిలు పోసి తారుని తగలబెట్టేద్దాం అనే ఉపాయం మాత్రం ఎవరు చెప్పినా వినకండి. తారుకి నిప్పంటుకుంటే గొట్టం హోరెత్తుతుంది. నిప్పురవ్వలు పైనుంచి చూరు మీదికి ఎగురుతాయి. పక్కన తాటాకు పాక గానీ గడ్డివాము గానీ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రుద్దడం అయ్యాక పైనుంచి టార్చి వేసి చూడండి. కింది రంధ్రం గుండ్రంగా, అంచులు సాఫుగా కనపడాలి. వంకర టింకరగా కనపడితే ఇంకా మసి ఉన్నట్టే.

ఎన్నాళ్ళకోసారి? రోజూ బాయిలరు ముట్టించే ఇంట్లో వారానికోసారి బ్రష్షు పైపైన ఆడించండి. అయిదు నిమిషాల పని. నెలకోసారి నేను చెప్పినట్టు పూర్తిగా చెయ్యండి. వారానికోసారి పైపైన. నెలకోసారి పూర్తిగా. ఇది గుర్తుంచుకోండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, జర్మనీలో చదువుకునే, ఉద్యోగాలు చేసే మన పిల్లల్ని అడగండి. అక్కడ చలికాలం ఇల్లంతా వెచ్చబెట్టుకోవాలి. కట్టెల పొయ్యి గానీ బాయిలరు గానీ ఉన్న ఇంటికి పొగగొట్టం మనిషి వచ్చి తోమి, పరీక్ష చేసి వెళ్ళాలని అక్కడ చట్టమే ఉంది. మాకు తీరికలేదు అంటే కుదరదు. నల్లబట్టలు వేసుకుని వచ్చే ఆ మనిషి ఎదురుపడితే శుభం అని వాళ్ళ నమ్మకం. మన దగ్గర అలా వచ్చే మనిషి లేడు. చట్టమూ లేదు. కొబ్బరి పీచూ, వెదురుకర్రా ఉన్నాయి. అవి చాలు.

ఇక బూడిద. ఇది రోజువారీ పని. జల్లెడ కింద బూడిద నిండితే గాలి లోపలికి పోదు. గాలి లేకపోతే మంట లేదు, పొగే. కాబట్టి ముట్టించే ముందు జల్లెడని ఒకసారి కదిపి, కింది బూడిద తీసెయ్యండి. తీసిన బూడిద ఇనప బొచ్చెలోనే వెయ్యండి. ప్లాస్టిక్ బకెట్లో వద్దు. చెత్తకుప్ప మీద అసలే వద్దు. పైకి చల్లగా కనిపించే బూడిదలో మర్నాటిదాకా నిప్పు ఉండగలదు. ఎండాకాలం ఊళ్ళల్లో వాములు తగలబడటానికి ఇలా పారేసిన బూడిద కూడా ఒక కారణం. నీళ్ళు చల్లి, మరునాడు వాడుకోండి. గిన్నెలు తోముకోవచ్చు. కూరపాదుల్లో కొంచెం చల్లుకోవచ్చు, పొటాష్ ఉంటుంది. ప్లాస్టిక్ గానీ రంగుచెక్క గానీ కాల్చిన బూడిద మాత్రం పాదుల్లో వెయ్యకండి.

మసి అయింది. బూడిద అయింది. మూడోది సున్నం. ఇది నిప్పు వైపు పట్టదు. నీళ్ళ వైపు పడుతుంది. బోరు నీళ్ళు వాడే ఇళ్ళకే ఈ బాధ ఎక్కువ. ఆ నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం వేడి తగలగానే విడిపోయి, గొట్టానికి బయటి వైపు తెల్లగా, రాయిలా అతుక్కుంటాయి. మీ ఇంట్లో సబ్బు సరిగ్గా నురగ రాకపోతే, కుళాయి మూతికి తెల్లపొర కడుతుంటే, బాయిలరు లోపల కూడా అదే జరుగుతోంది. నీళ్ళు కాగేటప్పుడు లోపల టకటకమని చప్పుడు వస్తే ఆ పొర మందమైందని అర్థం.

దీనికి కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు చాలు. పది లీటర్ల నీటికి సుమారు 200 గ్రాములు. బాయిలర్లో నీళ్ళు నింపి, గోరువెచ్చగా చేసి, నిప్పు తీసేసి, ఆ తర్వాత నిమ్మఉప్పు కరిగించిన నీళ్ళు గరాటులోంచి పొయ్యండి. లోపల సుయ్యిమని నురగ కడుతుంది. కంగారు పడకండి. సున్నం కరుగుతోంది. గరాటు, ముక్కు రెండూ తెరిచే ఉంచండి. రెండు మూడు గంటలయ్యాక ఖాళీ చేసి, మంచినీళ్ళతో బాగా కడగండి. పారబోసే నీళ్ళు ఆకుపచ్చగా, నీలంగా ఉంటే అందులో రాగి కరిగిందని తెలుసుకోండి. ఆ నీళ్ళు పశువులు తాగే చోట, మొక్కల పాదుల్లో పొయ్యకండి. పొర మందంగా ఉంటే ఇంకో వారం ఆగి మళ్ళీ ఒకసారి చెయ్యండి.

మరుగుదొడ్డి కడిగే యాసిడ్ వాడితే ఒక్క దెబ్బకి పోతుంది కదా అంటారు కొందరు. పోతుంది. సున్నంతో పాటు మాటు కూడా పోతుంది.

ఈ మాటు గురించి ఒక్క మాట. పాత బాయిలర్లలో అతుకులు సీసం, తగరం కలిపిన లోహంతో వేసేవాళ్ళు. సీసం విషం. అందుకని బాయిలరు నీళ్ళు స్నానానికే. పొద్దున్నే తొందరలో ఆ వేడినీళ్ళే అన్నానికి ఎసరు పెట్టడం, కాఫీకి వాడటం, పసిపిల్లల పాలసీసాలు కడగటం మానెయ్యండి.

అదే సీసం మాటు ఇంకో రకంగా కూడా మనకు ముఖ్యం. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. మాటు 183 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. లోపల నీళ్ళున్నంతసేపు మాటు నూరు డిగ్రీల దగ్గరే ఉంటుంది, దానికేమీ కాదు. నీళ్ళు లేకుండా మండిస్తే కొద్దిసేపట్లోనే అతుకు ఊడిపోతుంది. ముక్కున్న బాయిలర్లలో ఈ భయం తక్కువ అని మొదట్లోనే చెప్పాను. అడుగున కుళాయి బిగించిన రకం వాడేవాళ్ళు జాగ్రత్త. ఎవరో కుళాయి తిప్పి నీళ్ళన్నీ పట్టుకుపోతారు, నిప్పు లోపల మండుతూనే ఉంటుంది. అలా జరిగితే వెంటనే చన్నీళ్ళు పొయ్యకండి. కాలిన రేకు మీద నీళ్ళు పడగానే ఆవిరి మీ ముఖం మీదికే వస్తుంది. నిప్పు కింద నుంచి లాగేసి, దానంతట అది చల్లారేదాకా దూరంగా ఉండండి.

నీళ్ళు వచ్చే ముక్కుని గుడ్డపేలికతో బిగించడం కూడా కొన్ని ఇళ్ళలో చూస్తాం. వేడి పోకుండా అంటారు. వద్దండీ. ఒక లీటరు నీరు ఆవిరైతే 1600 లీటర్లకు పైగా చోటు కావాలి. దారి లేకపోతే అది దారి చేసుకుంటుంది. ముక్కు తెరిచి ఉండాలి. ఎప్పుడూ తెరిచే ఉండాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. దీన్ని మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. బాయిలర్ని స్నానాలగదిలో పెట్టకండి. చలి ఎక్కువగా ఉందని గది లోపలికి జరపకండి. నిప్పుకి గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. కట్టెపొగ అయితే కళ్ళు మండుతాయి, బయటికి పరుగెత్తుతాం. కణకణలాడే బొగ్గు నిప్పులు పొగే కనిపించనివ్వవు, కానీ ఆ విషవాయువుని వదులుతూనే ఉంటాయి. మన రక్తం ఆక్సిజన్ కంటే దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి. తర్వాత వికారం, మత్తు. స్నానం చేసే మనిషికి వేడినీళ్ళ వల్లనే ఇలా మత్తుగా ఉందనిపిస్తుంది. తలుపు గడియ లోపల వేసి ఉంటుంది. ఆ తర్వాత లేవలేరు.

కాబట్టి బాయిలరు స్థానం పెరడు. కాకపోతే రెండు వైపులా తెరిచి ఉన్న వసారా. అక్కడ కాగిన నీళ్ళు బకెట్లో పట్టుకుని లోపలికి తెచ్చుకోండి. వరండా కిటికీ పక్కనే పెడితే పొగ మళ్ళీ పడకగదిలోకే వస్తుంది, అది కూడా చూసుకోండి. బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటు ఉన్న ఇళ్ళలో కూడా ఇదే జాగ్రత్త. నా మాటగా చెప్పండి, తలుపులు మూసిన గదిలో నిప్పు వద్దు. ఎవరికైనా బాయిలరు దగ్గర తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా వెంటనే బయటి గాలిలోకి తీసుకెళ్ళండి. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పొగ తగిలిందని డాక్టరుకి చెప్పండి.

శివరాత్రి వెళ్ళాక చాలామంది బాయిలర్ని కట్టేసి అటక ఎక్కించేస్తారు. ఎలా ఉన్నది అలాగే, బూడిదతో సహా. వచ్చే ఏడు దింపేసరికి జల్లెడ తుప్పు పట్టి చేతిలో విరిగిపోతుంది. బూడిద గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. ఆ తడి ఇనుముని తినేస్తుంది, రాగికి పచ్చని చిలుము పట్టిస్తుంది. అందుకని ఎత్తిపెట్టే ముందు గొట్టం తోమండి, బూడిద దులపండి, నీళ్ళు చుక్క లేకుండా వంపేసి ఒక రోజంతా ఎండలో బోర్లించండి. జల్లెడకి కాస్త కొబ్బరినూనె గానీ పాత ఆముదం గానీ రాసి, విడిగా కాగితంలో చుట్టండి. మూతలు బిగించకుండా పెట్టండి.

ఇక మళ్ళీ దింపినప్పుడు, ముట్టించేముందు ఒక పరీక్ష చెయ్యాలి. పొడిగా ఉన్న గచ్చు మీద బాయిలరు నిలబెట్టి, మూతిదాకా నీళ్ళు నింపి, రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నే కింద తడి ఉందా, గొట్టం లోపల చెమ్మ దిగిందా చూడండి. తడి ఉంటే ముట్టించకుండా మాటు వేసే మనిషి దగ్గరికి తీసుకెళ్ళండి. ఒకప్పుడు కళాయి పూసేవాళ్ళు, మాట్లు వేసేవాళ్ళు వీధుల్లో కేకలు వేసుకుంటూ వచ్చేవారు. ఇప్పుడు వెతుక్కోవాలి. జిల్లా కేంద్రాల్లో పాత సామాన్ల బజారు దగ్గర ఇంకా ఒకరిద్దరు ఉంటున్నారు. శ్రీకాకుళం జిల్లా బుడితి, గోదావరి ప్రాంతంలో అజ్జరం, జనగామ దగ్గర పెంబర్తి లాంటి చోట్ల ఇత్తడి, రాగి పని తరతరాలుగా చేస్తున్న కుటుంబాలున్నాయి. ఆ చుట్టుపక్కల వాళ్ళకు అడిగితే మనిషి దొరక్కపోడు. అతుకు పెట్టించేటప్పుడు సీసం లేని మాటు వెయ్యమని అడగండి. కాస్త ఖరీదు ఎక్కువ, అయినా అడగండి. పని అయ్యాక ఆయన ముందే నీళ్ళు పోయించి, కారడం లేదని చూసుకుని డబ్బులివ్వండి.